ఖాళీగా ఉన్నవాళ్లు

మంగళవారం పొద్దున్నుంచి పోగులు తెగుతూనే ఉన్నాయి. ఏప్రిల్ ఎండకు నూలు పెళుసెక్కింది. మగ్గం కింది గుంటలో ఎన్ని నీళ్లు చిలకరించినా గంటకొకటి టప్పున తెగుతుంది. మాలతి అడ్డపోగు విసిరే నాడె పక్కన పెట్టి, వంగి, తెగిన కొసలు రెండూ వెతికి, ఎడమచేత్తో మెలేసి అతుకుతుంది. నాలుగోసారి అతుకుతుండగా వాళ్ల నాయిన ఎల్లన్న ఫోన్ మోగింది. ఎల్లన్న కుడిచెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఫోన్ దాకా పోయి, దాని మీద వణికి వణికి, దాన్ని మంచం మీంచి కిందికి తోసేసింది. ఇక లాభం లేదనుకుని ఎడమచేత్తో తీసి చెవికి పెట్టుకున్నాడు.

"ఆఁ సారూ... ఎల్లన్ననే సారూ. ఎల్లుండా? రాండ్రి సారూ. నేనే నేస్తున్న. నేను గాక ఎవరు నేస్తరు?"

ఫోన్ కిందపెట్టాడు. మగ్గం ఎడమ పక్కన పీట మీద కూర్చున్న తల్లి రామేశ్వరమ్మ చేతిలోని అంచు నాడె అలాగే ఉండిపోయింది.

"వస్తుండా?" అంది రామేశ్వరమ్మ.

"గురువారం పొద్దుగాల వస్తడంట."

వచ్చేది చేనేత ఆఫీసు శ్రవణ్ కుమార్ సారు. అరవై దాటినా ఇంకా మగ్గం దిగని నేతగాళ్లకు నెలనెలా ఇచ్చే భత్యం జాబితాలో ఎల్లన్న పేరుంది. ఇక మిగిలింది ఒక్క తంతే. సారు ఇంటికొచ్చి, ఎల్లన్న నేస్తుంటే కళ్లారా చూసి, ఫోటో తీసుకుని సంతకం పెట్టాలి. ఎల్లన్న మగ్గం గుంటలో కాలుపెట్టి ఆరేళ్లయింది. గద్వాలలో ఆ వీధి వీధంతటికీ ఆ సంగతి ఎరుకే. ఆఫీసుకే ఎరుక లేదు. మగ్గానికి ఒక నంబరుంది, ఆ నంబరు ఎల్లన్న పేరు మీదుంది. మగ్గం ఎవరి కాళ్ల కింద ఆడుతుందో నంబరుకెలా తెలుస్తుంది?

అదొక్కటే అయితే మాలతి అంత బెదిరేది కాదు. ఆ శ్రవణ్ కుమార్ సారు సంతకమే ఆమెకూ కావాలి, అదే వారంలో కావాలి.

ఇంటర్ పాసైన ఆరేళ్లకు, బెంగళూరులో బట్టల డిజైన్ నేర్పే ఒక పెద్ద యూనివర్సిటీకి ఆమె పరీక్ష రాసింది. నలభై సీట్లకు వేలమంది రాస్తే ఇంటర్వ్యూకి నూట ఇరవైమందిని పిలిచారు. అందులో మాలతి ఉంది. ఇరవై ఐదు నిండితే దరఖాస్తే తీసుకోరు, ఆమెకు ఆగస్టుకు నిండుతాయి. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు. చదువు ఆపిన ఏళ్లలో ఏం చేశావో అఫిడవిట్ రాసి, దానికి ఆధారం జతచేసి, చేతిపని నమూనా ఒకటి కొరియర్ చెయ్యాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు, ఆలోగా కొరియర్లో వేస్తే చాలు. ఆధారం లేకపోతే ఇంటర్వ్యూ లేదు.

మాలతి ఫోన్ చేసి అడిగితే యూనివర్సిటీలో ఒకావిడ ఓపిగ్గా చెప్పింది. "సర్టిఫికెట్ ఉంటే మంచిది. లేకపోతే మీరు చేసిన పనే పంపండి, దాన్నే ఆధారంగా చూస్తారు. కాకపోతే అనుమానం వస్తే మీ జిల్లా ఆఫీసుకు రాసి కనుక్కుంటాం."

ఆ చివరి ముక్క మాలతి చెవిలో అప్పట్నుంచీ మోగుతూనే ఉంది. ఒకే సారు, రెండు కాగితాలు. ఆరేళ్లూ నాయినే నేశాడని ఒకదాని మీద రాయాలి, ఆరేళ్లూ బిడ్డ నేసిందని ఇంకోదాని మీద రాయాలి. మగ్గం చూస్తే ఒక్కటే!

మాలతి ఆలోచించి ఆలోచించి ఒక మధ్యేమార్గం పట్టింది. నేతగాడు నాయిన, చేతికింద మనిషి తను. చేతికింద పని కూడా పనే కదా, సారు అంతమటుకు రాసిచ్చినా చాలు. నాయిన భత్యం నాయినకు, తన కాగితం తనకు. నాయినకు ఆ మాట నేర్పడమొక్కటే మిగిలింది.

బుధవారం పొద్దున కోర్టు దగ్గరికి పోయింది. భానుప్రకాశ్ అక్కడ రేకుల షెడ్డు కింద కంప్యూటర్ పెట్టుకుని అఫిడవిట్లు టైపు చేస్తాడు. విషయం సగం చెప్పకముందే ప్రింటర్ కిర్రుమంది.

"గ్యాప్ అఫిడవిట్టే గద చెల్లె? తయారుగ ఉంటది. పేరు, ఏండ్లు మారిస్తే అయిపాయె."

మాలతి కాగితం తీసుకుని చదివింది. 'రెండువేల పంతొమ్మిది మే నుండి నేటి వరకు నేను ఏ విద్యాసంస్థలోనూ చదవలేదనియు, ఏ పనియు చేయక ఇంటివద్ద ఖాళీగా ఉన్నాననియు ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను.'

"అన్నా, నేను ఖాళీగ లేను. మగ్గం నేసిన."

"అందరు గిట్లనే రాపిస్తరు."

"ఆరేండ్లు నేసిన అన్నా. వారానికో చీర."

భానుప్రకాశ్ కుర్చీ ఇటు తిప్పాడు. చెడ్డవాడు కాదు, రోజుకు ఇరవైమందిని చూసి విసిగినవాడు. "జర నా మాట ఇను. పని చేసిన అని రాస్తే ఆధారమేదని అడుగుతరు. యాడ చేసినవు, ఎవని కింద చేసినవు, సంతకమేది అంటరు. ఖాళీగున్న అని రాస్తే ఎవ్వడు ఏం అడగడు. నీకు పరేషాన్ ఎందుకు?"

"గిది రాస్తే నాకు ఇంటర్వ్యూ రాదు. ఆ ముక్క తీసేసి, ఆడ జాగ ఇడిసి ఇంకో ప్రింటు ఇయ్యి. ఆధారం తెచ్చినంక రాస్త."

అతను భుజాలెగరేసి ఇంకో ప్రింటు ఇచ్చాడు. "రేపెల్లుండి పన్నెండు లోపల రా. మజ్జాన్నమైతే నోటరీ సారు ఉండడు."

ఇంటికొచ్చేసరికి ఎల్లన్న అప్పుడే గుంటలో దిగి కూర్చున్నాడు. కాళ్లు రెండూ మగ్గాన్ని ఆడించే పావుకోళ్ల మీద ఆనించి, అటూ ఇటూ తొక్కి చూసుకుంటున్నాడు. కాళ్లకేం కాలేదు, నలభై ఏళ్ల అలవాటు ఎక్కడికీ పోలేదు. ఎటొచ్చీ చిక్కు చేతులతోనే వచ్చింది.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచులు పట్టు. ఒంటికొక నాడె, రెండంచులకూ రెండు నాడెలు. ఎడమ అంచు రామేశ్వరమ్మ పీట మీద కూర్చుని విసురుతుంది. కుడి అంచు, ఒళ్లు నేతగాడివి. పోగు పోగుకూ అంచు పట్టును ఒంటి నూలుతో మెలేసి పట్టించాలి, అందుకు వేళ్లు ఒక్క క్షణం ఆగాలి. ఆ మెలిక పడకపోతే అంచు దారి అంచుది, ఒంటి దారి ఒంటిది.

"పది పోగులు సాలు నాయినా," అంది మాలతి. "మెల్లగ ఎయ్యి. సారుకు తొందరుండదు."

ఎల్లన్న నాలుగు పోగులు వేశాడు. ఐదోదానికి మెలిక దగ్గర వేళ్లు గడగడలాడాయి. కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు, అల్లరి పిల్లవాణ్ణి ఒళ్లో అదిమిపెట్టుకున్నట్టు. మాలతి గుంట గట్టున కూర్చుని మాటలు నేర్పడం మొదలుపెట్టింది.

"సారు అడుగుతడు. నీ బిడ్డ ఏం చేస్తది?"

"నేస్తది."

"అయ్యో నాయినా! నేస్తది అనొద్దంటే. చేతికింద ఉంటది అను. కండెలు చుడ్తది, పోగులు అతుకుతది అను."

"చేతికింద ఉంటది..." ఎల్లన్నకు నవ్వొచ్చింది. "నా చేతికిందనా? ఆరేండ్ల సంది నేనే నీ చేతికింద ఉంటి గద బిడ్డా."

రామేశ్వరమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మాలతి నవ్వలేదు. "మల్ల చెప్పు. నీ బిడ్డ ఏం చేస్తది?"

మళ్లీ చెప్పించింది. అప్పుడూ 'నేస్తది' అనే వచ్చింది. "అబద్ధం నోట్లె నిలుస్తలేదు బిడ్డా," అన్నాడు ఎల్లన్న దీనంగా.

"నిలవాలె!" అని గట్టిగా కసిరింది మాలతి. కసిరాక తన గొంతు తనకే భయమేసింది. ముసలాయన తల వంచుకుని, బడిపిల్లవాడిలా ఆ మాటే లోలోపల వల్లె వేసుకోసాగాడు.

గురువారం పదకొండింటికి శ్రవణ్ కుమార్ బండి ఆగింది. ముప్పై దాటని మనిషి. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. మంచినీళ్లిస్తే రెండు గ్లాసులు తాగి, కుర్చీలో కూర్చుని ట్యాబు తెరిచాడు. నవ్వుతూనే మాట్లాడుతున్నాడు, కానీ మాలతికి ఆ నవ్వు మీద నమ్మకం కుదరలేదు.

"ముందుగాల ఒక మాట పెద్దాయనా. ఈ లిస్టు మీద కంప్లయింట్లొచ్చినయ్. పెద్దోళ్ల పేరు మీద పిల్లలు నేస్తున్నరని. నిన్న అయిజలో ఒకాయన నేత కార్డే క్యాన్సిల్ చేసి వచ్చిన. భత్యం సంగతి అటుంచు, కార్డు పోతే సబ్సిడీ నూలు పోతది, బీమా పోతది. నా చేతుల కూడా ఏం లేదు. అందుకే అన్నీ అడిగి రాసుకుంట. ఏమనుకోవద్దు."

"అయ్యో, ఏమనుకుంట సారూ," అన్నాడు ఎల్లన్న. ఆయన పెదాలు ఎండిపోవడం మాలతి చూసింది.

ఎల్లన్న గుంటలోకి దిగాడు. రామేశ్వరమ్మ తన పీట మీద కూర్చుంది. మాలతి గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడింది.

మగ్గం ఆడింది. ఆడటం కాదు, పరుగే పెట్టింది. ఒకటి, రెండు, ఐదు, పది. సారు పదికి ఆపమనలేదు. ఎల్లన్న ఆపలేదు. నాడె ఇటు పోతోంది, అటు వస్తోంది, పోగును అదిమే పలక దడాల్న పడుతోంది. మాలతి చెవి రిక్కించింది. ఆ చప్పుడు తప్పు. మగ్గం చప్పుడు వింటూ పుట్టి పెరిగిన పిల్ల, కళ్లు మూసుకున్నా చెప్పగలదు. మెలిక దగ్గర ఉండాల్సిన ఆ చిన్న ఆగుడు లేదు. రామేశ్వరమ్మ వైపు వేళ్లు ఆగుతున్నాయి. ఎల్లన్న వైపు ఆగడం లేదు. మెలిక వెయ్యలేనని తెలిసి, ముసలాయన మెలికే మానేశాడు.

అంచుకూ ఒంటికీ మధ్య సన్నటి నెర్రె పుట్టింది. చూస్తుండగానే అది అంగుళమైంది, ఇంకొంచెం సాగింది. రామేశ్వరమ్మ తలెత్తి ఒక్కసారి కూతురి వంక చూసి, మళ్లీ తల దించుకుని తన నాడె విసిరింది.

"అబ్బ, ఏం స్పీడు పెద్దాయనా!" అన్నాడు శ్రవణ్ కుమార్. "చాలు చాలు. ఈమె ఎవరు, మీ ఆవిడేనా? ఈమె కూడా నేస్తదా?"

"లే సారూ. ఊర్కె తోడుకు కూసుంటది."

రామేశ్వరమ్మ చేతిలో అంచు నాడె ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని మీద కొంగు కప్పుకుంది.

"మరి ఈ అమ్మాయి?"

మాలతి లోలోపలే నాయినకు మాట అందించింది. చేతికింద ఉంటది. చేతికింద ఉంటది.

"చేతికింద ఉంటది సారూ," అన్నాడు ఎల్లన్న, తు.చ. తప్పకుండా.

"చేతికింద అంటే? మగ్గం కూడా ఎక్కుతదా?"

ఇది నేర్పని ప్రశ్న! ఎల్లన్న కళ్లు ట్యాబు మీదికి పోయాయి, అక్కణ్ణుంచి సారు వేలి మీదికి పోయాయి. మాలతి వైపు మాత్రం రాలేదు.

"లే లే సారూ! ఎక్కదు. దానికి మగ్గం పనే తెల్వదు. చదువుకుంట చదువుకుంట అని కూసుంటది గని, ఏం పని చెయ్యది సారూ. ఇంట్ల ఖాళీగనే ఉంటది."

ఎంత నికార్సుగా వచ్చింది ఆ మాట! నిన్న పదిసార్లు చెప్పించినా నోట్లో నిలవని అబద్ధం, ఇవాళ నేర్పకుండానే గుక్క తిప్పుకోకుండా వచ్చింది. శ్రవణ్ కుమార్ వేలు ట్యాబు మీద టకటకమని ఆడింది. 'కుమార్తె. పని లేదు.'

"ఫోటో తీస్త. పెద్దాయనా, ఇటు చూడు. గుడ్డ కూడా కనపడాలె."

మాలతికి ఇప్పటికీ తెలియదు తన కాళ్లు ఎలా కదిలాయో. మగ్గం దగ్గరికి పోయింది. ఒక్క వేలు చాలు. ఆ నెర్రెలో వేలు దూర్చి, 'సారూ, ఇది నేత కాదు, చూడండి' అంటే చాలు. సారు పిల్లవాడైనా చేనేత ఆఫీసులో పనిచేసేవాడు, చూపిస్తే తెలుస్తుంది. అప్పుడు ఈ ఇంట్లో నేసేదెవరో కూడా తెలుస్తుంది. ఆమె చెయ్యి గుడ్డ దాకా పోయింది. కింద గుంటలోంచి నాయిన తలెత్తి చూశాడు. తొడ కిందికి పోయిన కుడిచెయ్యితో పాటు భుజం కూడా వణుకుతోంది.

మాలతి దుమ్ము పడకుండా కప్పే పాతగుడ్డ లాగి, నెర్రె మీదుగా కుడి అంచంతా కప్పేసింది.

"ఎండకు పట్టు వెలుస్తది సారూ. ఎడమ దిక్కు తియ్యండ్రి," అంది.

ఫోటో అయింది, సంతకమైంది. బండి దగ్గరికి పోతున్న సారు వెనకే మాలతి పరిగెత్తి, యూనివర్సిటీ కాగితం చూపించి అడిగింది. అతను నిలబడి మొత్తం చదివాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"మంచి సీటే అమ్మా. కానీ మీ నాయిన ఏం చెప్పిండో నువ్వే విన్నవు గద. ఇప్పుడే రాసుకున్న. ఒక్క దినం, ఒక్క ఇంట్ల రెండు తీర్ల రాస్తే నా నౌకరీ పోతది."

లోపలికి వచ్చేసరికి ఎల్లన్న గుంట ఎక్కి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం తినలేదు. మాలతి పాతగుడ్డ తీసి, నెర్రెలో చూపుడువేలు దూర్చింది. వేలు మొత్తం దూరింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఖాళీగ ఉంటదంట అమ్మా. చూసినవా? నన్ను ఖాళీగ ఉంటది అన్నడు."

రామేశ్వరమ్మ కండెలు ఏరి బుట్టలో వేసుకుంటోంది. చెయ్యి ఆపకుండానే అంది.

"నీయి ఆరేండ్లు బిడ్డా. నేను ముప్పై ఏండ్ల సంది గిట్లనే ఖాళీగ ఉన్న."

మాలతి ఏడుపు ఆగిపోయింది. తల్లి మొహం చూసింది. అందులో కోపం లేదు, బాధా లేదు. 'ఖాళీగా ఉన్నాన'ని భానుప్రకాశ్ మొదట తీసిచ్చిన ఆ కాగితం మీద మాలతికి ఇంకో ముప్పై ఏళ్లూ తన పేరూ కనపడ్డాయి.

శుక్రవారం తెల్లారి మాలతి లేచేసరికి ఎల్లన్న మగ్గం ముందున్నాడు. నేసిన పోగును సూదిమొనతో లేపి విప్పాలని చూస్తున్నాడు. సూది పోగు మీద ఆనదు. ఆనినా పక్కకు జారుతుంది. ఎంతసేపట్నుంచి కూర్చున్నాడో గాని, ఒక్క పోగు కూడా విప్పలేదు.

"ఇడ్సు నాయినా."

"నేను చేసిన గలీజు నేనే ఇప్పుత. చీర సావుకారుకు పోవాలె గద." ఆయన తల ఎత్తలేదు. "భయమైంది బిడ్డా. కార్డు పోతది అనంగనే నోట్లెకెల్లి అదే వచ్చె."

"ఇప్పకు. గట్లనే ఉండనియ్యి. సావుకారుకు ఇంకోటి నేసిస్త."

మాలతి గుంటలోకి దిగింది. "అమ్మా, రా," అని పిలిచింది. నాయిన వదిలిన నెర్రె దగ్గర్నుంచే ఎత్తుకుని, ఇద్దరూ నేశారు. ప్రతి పోగుకూ వేళ్లు ఆగాయి, మెలిక పడింది, పలక పడింది. నాయిన నేసింది రెండంగుళాలు, దాన్ని ఆనుకుని తను నేసింది నాలుగంగుళాలు. నెర్రె ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచి అంచూ ఒళ్లూ ఒక్కటైపోయాయి. కళ్లున్నవాళ్లెవరైనా ఇవి ఒక చేతివి కావని చెబుతారు.

అప్పుడు అఫిడవిట్ తీసి, భానుప్రకాశ్ జాగా వదిలిన చోట పెన్నుతో రాసింది. రాసింది వాళ్లిద్దరికీ చదివి వినిపించింది.

"రెండువేల పంతొమ్మిది మే నుండి నేటి వరకు మా ఇంటి మగ్గం మీద నేను నేశాను. నాకు తోడుగా మా అమ్మ రామేశ్వరమ్మ నేసింది. మా నాయిన చెయ్యి వణుకుతుంది. జతచేసిన గుడ్డలో నెర్రె ఉన్న రెండంగుళాలు ఆయన నేసినవి, మిగతావి మేం నేసినవి."

రామేశ్వరమ్మ తన పేరు దగ్గర తలెత్తింది. ఎక్కడ రాశావన్నట్టు కాగితం వైపు చెయ్యి చాపి, మళ్లీ తీసేసుకుంది.

"దీన్ని పంపుత," అంది మాలతి. "ఇను నాయినా, దాపరికమెందుకు. వాళ్లకు అనుమానమొస్తే ఆఫీసుకు రాస్తరు. సారు నిన్న రాసుకున్నది ఒకటి, గిది ఒకటి. భత్యం పోతది. కార్డు గూడ పోవచ్చు. ఎప్పుడు రాస్తరో, ఎప్పుడు వస్తరో తెల్వదు. నువ్వు వద్దంటే పంప."

వద్దంటే నిజంగానే పంపదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎల్లన్న తన కుడిచేతి వంక చాలాసేపు చూసుకున్నాడు. బయట వీధిలో ఏదో బండి ఆగిన చప్పుడైతే ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాడు. ఎవరూ కాదు, కూరగాయల బండి. రేపట్నుంచి ఏ బండి ఆగినా ఇంతే.

"పంపితే ఏమైతది?" అంది రామేశ్వరమ్మ ఉన్నట్టుండి. "కార్డు పోతే పోనియ్యి. ఆయన గూడ మనతోని ఖాళీగ ఉంటడు."

ఎల్లన్న భార్య మొహంలోకి చూశాడు. ముప్పై ఏళ్లలో ఆమె ఇంత మాట అనడం ఇదే మొదలు. ఆయన మెల్లగా లేచి మగ్గం దగ్గరికొచ్చాడు. రెండు చేతులూ చాపి, నేసిన గుడ్డను రెండు పక్కలా పట్టుకుని లాగాడు, కత్తెర బిగువుగా పోవడానికి.

గుడ్డ వణికింది.

"గడియారం చూస్కో. పన్నెండు దాటితే నోటరీ సారు దొరకడంటివి," అన్నాడు.

"ఇంకొంచెం గట్టిగ పట్టు నాయినా," అంది మాలతి. కత్తెర తీసుకుని ఎడమచేత్తో కోయడం మొదలుపెట్టింది.